పేరంటానికి పిలిచిన గొంతు

పెదకాకాని,
9 ఆగస్టు 2025, శనివారం.

శ్రీమాత్రే నమః

చి. రచనకు వదిన ఆశీస్సులు.

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరమేమిటా అనుకుంటావు. ఎనిమిది రోజులుగా నేను చేస్తే నువ్వు ఎత్తడం లేదు. నిన్న ఎత్తావు గాని, నేను "రచనా" అనగానే "ఎవరు మాట్లాడేది?" అని అడిగి పెట్టేశావు. మా తమ్ముడు శరత్ చెయ్యి పట్టుకుని నువ్వు మా ఇంటికి వచ్చి ఇరవై రెండేళ్ళు. నా గొంతు విని ఎవరని అడగడం ఇదే మొదలు. ఇక గొంతుతో లాభం లేదని కలం తీశాను. పదో తరగతి పరీక్షల తరవాత వ్రతం సామాను జాబితాలు తప్ప నేను రాసింది లేదు. తప్పులుంటే సర్దుకో. నా చేతిరాత నీకు తెలుసు కాబట్టి ఇది నేనే రాశానని నమ్ముతావు.

పైన 'చి.' అని రాసి, అలవాటుగా పక్కన వచ్చే 'ల.సౌ.' కూడా రాయబోయి ఆగాను. ఆ ఖాళీ నీ కంట పడకూడదని నీ పేరు దగ్గరికి జరిపి రాశాను. అయినా నాకు కనబడుతూనే ఉంది.

మొన్న శ్రీదివ్య హాస్టలు నుంచి ఫోన్ చేసి, "అత్తయ్యా, అమ్మని పేరంటానికి పిలిచావట. నాన్న పోయి ఆరు నెలలన్నా కాలేదు కదా" అంది. తల్లీ, నేను పిలవలేదు. అమ్మవారి మీద ఆన. పిలిచింది కంప్యూటరు.

గుంటూరులో యలమందయ్యగారి బట్టల కొట్టులో మీ అన్నయ్యగారు ఇరవై ఏళ్ళుగా పూజ చేస్తున్నారు కదా. శ్రావణంలో వాళ్ళు పెట్టే పేరంటానికి కిందటేడు నేను నాలుగు వందల మందికి కొట్టు ఫోను నుంచి పిలుపులు చేసి, గొంతు పోగొట్టుకుంటే, వ్రతకథ చదవడానికి నువ్వే వచ్చావు. అది చూసి వాళ్ళబ్బాయి చైతన్యకృష్ణ మాఘమాసంలో, "ఆంటీ, మీ గొంతు ఒకసారి ఇవ్వండి, మిగతాది మిషను చూసుకుంటుంది" అన్నాడు. నేను వద్దంటే బలవంతపెట్టలేదు. "మీరు సంతకం పెడితేనే. అడక్కుండా ఒకరి గొంతు వాడితే మాకే తంటా" అని తెలుగులో రాయించిన రెండు కాగితాలు నాకూ మీ అన్నయ్యగారికీ చదివి వినిపించాడు. సంతకం పెట్టాను. మూడు రోజులు ఫ్యాను కూడా ఆపించి మాటలు చదివించాడు. అన్నీ నవ్వుతూ అనే మాటలే. ఆ రోజుల్లోనే కదా నీకు ఫోన్ చేసి "నమస్కారమండీ, ఇది కంప్యూటరు తయారు చేసిన గొంతు" అని మొదలుపెడితే మా శరత్ స్పీకరులో విని పడీ పడీ నవ్వింది.

ఎవరింట్లో ఏం జరిగిందో ఆ మిషనుకేం తెలుస్తుంది? జాబితాలో నీ పేరుంది, పిలిచింది. పసుపు కుంకుమ తీసుకుపొమ్మని ఈ స్థితిలో నిన్ను నేనెలా పిలుస్తాను? అంత ఇంగితం లేనిదాన్నా? నీ కాళ్ళు పట్టుకునేంత తప్పు జరిగింది గాని, అది నా నోటితో జరిగింది కాదు. నా మీద మనసు విరుచుకోకు.

నిన్న వరలక్ష్మీ వ్రతం చేసుకున్నాను. నైవేద్యం పెట్టేటప్పుడు కూడా నీ మీదే ధ్యాస.

నీ వదిన
సుందరి


సత్తెనపల్లి,
14 ఆగస్టు 2025.

వదినగారికి నమస్కారాలు.

ఉత్తరం అందింది. క్షేమమే. ఆఫీసులో పని ఎక్కువగా ఉంది. మిరప నారు పోసే రోజులు కదా, కౌలు కాగితాలు టైపు చేయించుకునే వాళ్ళతో ప్లీడరుగారి వరండా పొద్దున్నే నిండిపోతోంది.

తప్పు ఎవరిదన్న సంగతి మీరు చాలా రాశారు కాబట్టి ప్లీడరుగారిని అడిగాను. ఆయన ఇలాంటివి ఈ మధ్య చదువుతున్నారట. ఆయన చెప్పిన ప్రకారం, గొంతుగల మనిషి దేనికి, ఎన్నాళ్ళకి అన్నది తెలుసుకుని ఒప్పుకోవాలి. మీరు ఒప్పుకున్నారు. మాట్లాడేది మిషనని వినేవాళ్ళకి ముందే చెప్పడం ధర్మం. చెప్పింది, నేను విన్నాను. వ్యాపారపు ఫోన్లు వాటికి కేటాయించిన నంబర్ల నుంచే రావాలి. నూట నలభైతో మొదలయ్యే నంబరు నుంచే వచ్చింది. వేళగాని వేళ చేయకూడదు. మంగళవారం సాయంత్రం నాలుగున్నరకు వచ్చింది. వద్దంటే ఇంక చేయకూడదు. నేను వద్దనలేదు.

ఒకటే తేలలేదు. ఫోన్లు చేయమని ఒప్పుకున్నవాళ్ళకే చేయాలట. నేను ఎక్కడా ఒప్పుకోలేదు. ఆ సంగతి ఇక్కడ వాళ్ళ కొట్టులో అడుగుతాను. మీరు సంతకం పెట్టిన కాగితం జిరాక్సు వీలైతే పంపండి.

మీరు క్షమాపణ చెప్పుకోవలసింది ఏమీ లేదు. మీరు పిలవలేదని ఒకటికి పదిసార్లు రాశారు. అర్థమైంది.

అన్నయ్యగారికి, మీ అత్తగారికి నమస్కారాలు.

రచన


పెదకాకాని,
20 ఆగస్టు 2025.

శ్రీమాత్రే నమః

చి. రచనకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి సగం ఊపిరి పీల్చుకున్నాను. క్షమాపణ అక్కర్లేదన్నావు, నీ మంచితనం. మిగతా సగం మీ అన్నయ్యగారు బిగపట్టి కూర్చున్నారు. ఉత్తరం రెండుసార్లు చదివి, "ఇది నీ మరదలు రాసినట్టు లేదే, నోటీసులా ఉంది. కేసు వేస్తుందా ఏమిటి?" అన్నారు. ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినడం లేదు. జిరాక్సు ఇందులో పెట్టాను. కాని కోర్టు దాకా వద్దమ్మా. యలమందయ్యగారు మనకి చెడు చేసినవారు కాదు. ఆ కొట్టు పూజే మాకు ఆధారమని నీకు తెలియనిది కాదు.

ఇక్కడ నా అవస్థ ఏమని చెప్పను! బజారుకి వెళితే ఆడవాళ్ళంతా "పిలిచారుగా, వచ్చాంగా" అంటారు. ఎప్పుడూ చూడనివాళ్ళు కూడా చెయ్యి పట్టుకుంటారు. మొన్న ఆటో దానయ్య మన వాకిట్లో ఆపి, "అమ్మగారూ, మా ఇంటిదాన్ని పేరంటానికి పిలిచారంట. అది ప్రార్థన మనిషి, బొట్టు పెట్టుకోదు. జాకెట్టు గుడ్డ మాత్రం తెచ్చుకుంది. తప్పేం కాదుగా?" అన్నాడు.

"తప్పేముంది నాయనా. అయినా పిలిచింది నేను కాదయ్యా, మిషను" అన్నాను.

"ఊరుకోండమ్మా! కాలు నొప్పి, రాగలనో లేదో అంటే, 'నిదానంగా రండమ్మా, తొందరేం లేదు' అన్నారంట. మిషనుకి కాలునొప్పేం తెలుసు?" అని నవ్వుకుంటూ పోయాడు.

నేను చేసినవీ చేయనివీ అన్నీ నా పేరనే జమవుతున్నాయి. నిన్న గుళ్ళో పూజారిగారి భార్యని "ప్రసాదం తీసుకోండి" అని పిలిస్తే, ఆవిడ తిరిగి చూడకుండా ఫోను వెతుక్కుంది. నవ్వొచ్చింది, ఆ వెంటనే భయం కూడా వేసింది.

మా అత్తగారు మాత్రం నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఎవరు మోశారో, "తమ్ముడి పెళ్ళాన్ని, పసుపు కుంకుమలు పోయిన మనిషిని పేరంటానికి పిలిచావంట. ఇంటికి అరిష్టం తెస్తావా?" అన్నారు. "నేనెందుకు పిలుస్తానత్తయ్యా, కంప్యూటరు పిలిచింది" అన్నాను. అంతే, "అదీ సంగతి, నువ్వు పిలుస్తావా మరి" అని ఊరుకున్నారు. ఒక్క మాటతో గండం గడిచింది. కాబట్టి ఇక్కడ మనసులో ఎవరికీ ఏమీ లేదు. నువ్వూ పెట్టుకోకు.

ప్రత్తి చేలు ఏపుగా ఉన్నాయని బస్సులో అనుకుంటున్నారు. మీ వైపు వానలెలా ఉన్నాయి? ఏకాదశి ఉపవాసాలు మరీ కటిక ఉపవాసాలు చేయకు. పాలన్నా తాగు.

నీ వదిన
సుందరి


సత్తెనపల్లి,
29 ఆగస్టు 2025.

వదినగారికి,

కేసు ఎవరు వేస్తున్నారు? అన్నయ్యగారిని కడుపునిండా తినమనండి. ప్లీడరు ఆఫీసులో పదేళ్ళు టైపు కొడితే మనిషి రాత అలా తయారవుతుంది. కోపం వచ్చినప్పుడు నాకు ఆ రాతే వస్తుంది. ఏడుస్తూ రాయడం చేతకాక అలా రాశాను.

చవితికి శ్రీదివ్య వచ్చి వెళ్ళింది. దానికి సగమే తెలుసు. ఇంటికి ఫోన్ వచ్చిందని చెప్పాను గాని, నేను వెళ్ళానని చెప్పలేదు. మీకూ చెప్పకూడదనుకున్నాను. మీ అత్తగారి సంగతి చదివాక చెప్పాలనిపించింది.

వదినా, నేను ఆ పేరంటానికి వెళ్ళాను.

ఆ మంగళవారం ఫోన్ ఎత్తాను. మీ గొంతు. "నమస్కారమండీ, ఇది కంప్యూటరు తయారు చేసిన గొంతు." మీరు ఎన్నిసార్లు అలా మొదలుపెట్టి మమ్మల్ని నవ్వించలేదు? కొత్త నంబరు చూసి, కిందటేడులాగే కొట్టులోంచి చేస్తున్నారనుకున్నాను. "చాలు వదినా, ఆపండి" అని నవ్వాను. మీ తమ్ముడు పోయాక నేను నవ్వింది అప్పుడే.

"శుక్రవారం సాయంత్రం ఐదింటికి మన సత్తెనపల్లి కొట్టులో పేరంటం అమ్మా. మీరు తప్పకుండా రావాలి" అన్నారు.

ఆ 'అండీ', 'అమ్మా' కూడా మీ ఆటలో భాగమే అనుకున్నాను. నాకు నవ్వు ఆగిపోయింది. "నన్నేనా వదినా పిలిచేది?" అన్నాను.

"మిమ్మల్నేనమ్మా. మీరు వస్తే మాకెంతో సంతోషం."

"అందరూ ఉండగా రమ్మంటారా?"

"తప్పకుండా రండి. అందరూ వస్తారు. పసుపు కుంకుమ తీసుకుని వెళ్ళాలి."

ఫోన్ పెట్టేసి చాలాసేపు గడప మీదే కూర్చున్నాను. ఐదు నెలల్లో నాకు కాగితాల మీద సంతకాలు పెట్టమన్నవాళ్ళున్నారు, పింఛను ఆఫీసుకి రమ్మన్నవాళ్ళున్నారు. శుభానికి రమ్మన్నవాళ్ళు లేరు. వీధిలో పేరంటం పిలుపులకి వచ్చేవాళ్ళు మా గుమ్మం దగ్గర నడక పెంచుతారు. ఆఫీసుకి పోవచ్చు, బజారుకి పోవచ్చు, కోర్టు మెట్లు ఎక్కవచ్చు, నలుగురు ఆడవాళ్ళ మధ్య కూర్చోకూడదు. మా వదిన, దేవుడి ముందు గట్టిగా మాట్లాడటానికి కూడా జంకే మా వదిన, ఆయన తోబుట్టువు, ఆవిడే పిలిచింది, ఇంకెవరేమంటే నాకేమిటి అనుకున్నాను. కిందటి దసరాకి ఆయన ఆ కొట్టులోనే కొన్న నెమలికంఠం రంగు చీర కట్టుకుని వెళ్ళాను.

తలుపు దగ్గర మదార్‌బీ అని అక్కడ చీరలు చూపించే ఆమె, "రా అక్కా రా, ఫ్యాను కింద కూర్చో" అంది. గంధం పళ్ళెం పట్టుకున్న ఆవిడ మా వీధి ఆవిడే. నన్ను చూసి పళ్ళెం మీద కొంగు కప్పింది. "ఈమె శరత్‌చంద్రగారి భార్య కదూ?" అంది పక్కావిడతో, నాకు చెవులు లేనట్టు.

మదార్‌బీ ఊరుకోలేదు. "ఏందమ్మా ఇది? పిలిచి రమ్మంటిమి, వచ్చినామెకి పెట్టకపోతే ఎట్టా?" అంది.

"మా వదినే పిలిచారు. సుందరమ్మగారు. ఏరి ఆవిడ?" అన్నాను. గట్టిగానే అన్నాను వదినా, గర్వంగా అన్నాను.

"ఫోన్‌లో ఆమా? అయ్యో, అది కంప్యూటరు అక్కా. ఫోనెత్తంగానే చెప్తదిగా!" అంది మదార్‌బీ, పాపం, మంచిగానే. వెనకాల ఎవరో నవ్వారు.

అదీ జరిగింది. ఆ తరవాత మీ ఉత్తరం. నన్ను పిలిచి అవమానించారని నేను బాధపడుతున్నాననుకుని, పిలవలేదు పిలవలేదని రాశారు. నా బాధ పిలిచినందుకు కాదు. మీరు పిలవనందుకు.

ఫోన్లకి ఎవరు ఒప్పుకున్నారో కూడా తేలింది. కొట్టులో అడిగితే మర్యాదగానే వెతికి చూపించారు. చీర కొన్న రోజు నింపిన కాగితం. నా పేరు, నా నంబరు, ఫోన్లు చేయవచ్చన్న గడిలో గుర్తు, అన్నీ మీ తమ్ముడి చేతిరాత. "ఇది మా పొరపాటండీ. నంబరు మీది కాబట్టి మీరే ఒప్పుకోవాలి. మీ పేరు తీసేసి ఇది చించేస్తాం" అన్నాడు అక్కడి గుమాస్తా. చించవద్దని చెప్పి అడిగి తెచ్చుకున్నాను. మిషను నన్ను పిలిచిందంటే ఆయన పిలవమన్నందుకే. అంతవరకు దాని మీద నాకు కోపం లేదు.

రచన


పెదకాకాని,
5 సెప్టెంబరు 2025.

శ్రీమాత్రే నమః

రచనా,

నీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. దేవుడి గూటిలో పెట్టి, తీసి, చదివి, మళ్ళీ పెడుతున్నాను.

నువ్వు ఆ చీర కట్టుకుని వెళ్ళావన్నది చదివినప్పటినుంచి నా కళ్ళ ముందు నువ్వే. ఆ పళ్ళెం మీద కొంగు కప్పింది మీ వీధి ఆవిడ అన్నావు. నేను అక్కడ ఉంటే కప్పకుండా ఉండేదాన్నా? ఒట్టు వేసి చెప్పలేను. నీకు అబద్ధం రాయలేను. ఆ సమయానికి గుంటూరు కొట్టులో నేనే పళ్ళెం పట్టుకుని ఉన్నాను. గుమ్మంలోకి వచ్చిన ప్రతి మనిషికీ ముందు మెడ చూసి, తరవాత మొహం చూశాను. ముప్ఫై ఏళ్ళుగా అలాగే చూస్తున్నాను. అది చూపని కూడా నాకు తెలియదు.

ఆ గొంతు ఇంక వద్దు. నేను అనవలసిన మాట అది అంది. నేను అనని మాటకి నువ్వు సంతోషపడ్డావు. ఇక నా పేరున ఎవరికీ అలా జరగకూడదు. నీకు చేతనైతే వెనక్కి ఇచ్చేయమని ఒక అర్జీ టైపు చేసి పంపు. ఏమని రాయాలో నాకు తెలియదు. మీ అన్నయ్యగారితో ఇంకా చెప్పలేదు. చెబితే ఏమంటారో తెలుసు కాబట్టే చెప్పలేదు.

ఇంకొక మాట. నవరాత్రుల్లో శుక్రవారం మా ఇంట్లో లలితా పారాయణ, పేరంటం ఉంటుంది. నువ్వు రా. అందరూ వెళ్ళాక, ఏడు దాటాక రా. మా అత్తగారు అప్పటికి పడుకుంటారు. మనిద్దరమే ఉంటాం. నీకు నేనే గంధం రాసి పసుపు కుంకుమ ఇస్తాను. అమ్మవారు కాదనదు.

నీ వదిన


సత్తెనపల్లి,
11 సెప్టెంబరు 2025.

వదినగారికి,

అర్జీ పంపుతున్నాను. మీరు సంతకం పెట్టిన కాగితంలో ఐదో అంశం చూడండి. ఒప్పుకున్నంత సులువుగానే వెనక్కి తీసుకోవచ్చని వాళ్ళే రాశారు. కారణం చెప్పనక్కర్లేదు. ఫలానా తేదీ నుంచి నా గొంతుతో ఫోన్లు ఆపాలి, మిషనులో ఉన్న నా గొంతు తీసేయాలి, తీసేసినట్టు రాసివ్వాలి, ఈ మూడే రాశాను. చైతన్యకృష్ణ గారి చేతికే ఇచ్చి, అందినట్టు రెండో కాపీ మీద సంతకం తీసుకోండి. మరచిపోవద్దు.

ఇది నా కోసమైతే ఇవ్వకండి. అన్నయ్యగారి పూజ సంగతి ఆలోచించుకోండి. ఆ గొంతు ఎవరినైనా పిలుచుకోనివ్వండి, నాకు దానితో ఇంక పేచీ లేదు.

శుక్రవారం నేను రాను.

ఏడు దాటాక, మీ అత్తగారు పడుకున్నాక, చెప్పులు చేత్తో పట్టుకుని పెరటి వైపు నుంచి రమ్మంటారా? మీ ప్రేమ నాకు తెలుసు వదినా. అందుకే కోపంగా కాకుండా నెమ్మదిగానే రాస్తున్నాను. అందరికీ చెప్పిన వేళే ఆ కంప్యూటరు నాకూ చెప్పింది.

రచన


పెదకాకాని,
20 సెప్టెంబరు 2025, శనివారం.

శ్రీమాత్రే నమః

చిరంజీవి రచనకు,

నీ ఉత్తరంలో ఆఖరి మాట చదివాక రెండు రోజులు దీపం పెట్టానే గాని స్తోత్రం నోటికి రాలేదు. లలితలో వెయ్యి నామాలు కంఠస్థం, ఒక్కటీ గుర్తుకు రాలేదు.

అర్జీ ఇచ్చేశాను. సోమవారం మీ అన్నయ్యగారితోపాటు గుంటూరు వెళ్ళాను. బస్సులో చెప్పాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "గొంతు నీది, కాదనను. కొట్టు మాత్రం మనది కాదు" అన్నారు.

చైతన్యకృష్ణ నిలబడే చదివాడు. "ఆంటీ, ఇది ఎవరు టైపు చేశారు? మా వకీలు కూడా ఇంత తిన్నగా రాయడు" అన్నాడు. మా మరదలన్నాను. "కాగితంలో ఉంది, మేం కాదనేది లేదు. పది రోజుల్లో తీసేసి రాసిస్తాం" అని సంతకం పెట్టి ఇచ్చాడు. ఆ అబ్బాయిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అన్నీ పద్ధతిగానే చేశాడు. ఎవరివీ కాని గొంతులు కూడా దొరుకుతాయట, దసరాకి అలాంటిది పెట్టుకుంటారట.

యలమందయ్యగారు మాత్రం, "ఏంది సుందరమ్మగారూ, దసరా పిలుపులు నెత్తిమీదున్నాయి. మంగళసూత్రం వేళకి సన్నాయి ఆపినట్టు ఇప్పుడా?" అన్నారు. తరవాత నా వైపు చూడకుండా మీ అన్నయ్యగారితో, "పంతులుగారూ, నరసరావుపేటలో కొత్త కొట్టు తెరుస్తున్నాంగా, ఆ పూజ అక్కడి వాళ్ళతోనే చేయిద్దాంలెండి. మీకు శ్రమ ఎందుకు" అన్నారు. శ్రమ అన్న మాట ఎంత మెత్తగా అన్నారో! మీ అన్నయ్యగారు "మీ చిత్తం" అన్నారు. ఉన్న పూజ ఉంటుందో ఉండదో దసరా దాటితే గాని తెలియదు. ఇంట్లో ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

నిన్న జాబితా రాయిస్తూ మా అత్తగారు శుక్రవారం పేరంటానికి పేర్లు చెప్పారు. పదకొండు ఇళ్ళు రాశాను. "ఇంతేగా?" అన్నారు. "ఇంకొకరున్నారు" అన్నాను. "ఎవరు?" అంటే "రచన" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి నా మొహం చూశారు. "ఎవరు పిలిచేది? నువ్వా? ఆ మిషనా?" అన్నారు.

'నేనే' అన్న ఒక్క మాట. నోటి దాకా వచ్చింది. ఈ గొంతుతో నాలుగు వందల మందిని పిలిచినదాన్ని. రాలేదు రచనా. "చూద్దాంలెండి అత్తయ్యా" అన్నాను. ఆవిడ జోడు పెట్టుకుని, "చూసేదేం లేదు" అన్నారు.

ఆ తరవాత నీకు ఫోన్ చేసి పిలుద్దామని మూడుసార్లు తీశాను. మూడుసార్లూ పెట్టేశాను. ఎందుకో చెబుతాను, నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. ఫోన్‌లో పిలిస్తే, రేపు నువ్వు గుమ్మంలో నిలబడ్డప్పుడు, అత్తగారు ఇదేమిటని అరిస్తే, నా దగ్గర ఒక మాట తయారుగా ఉంది. 'నేను కాదు, కంప్యూటరు పిలిచింది' అనవచ్చు. అందరూ నమ్ముతారు. ఒకసారి అన్నాను, ఎంత తేలికో చూశాను. ఆ మాట చేతికి అందేంత దూరంలో ఉంటే నేను అందుకుంటానని నాకు భయం. గొంతు వెనక్కి తీసుకున్నాను గాని ఆ మాట ఇంకా నా దగ్గరే ఉంది.

అందుకని ఇలా రాస్తున్నాను.

26వ తేదీ శుక్రవారం సాయంత్రం ఐదు గంటలకి మా ఇంట్లో లలితా పారాయణ, పేరంటం. పదకొండు ఇళ్ళ వాళ్ళకీ చెప్పిన వేళ అదే. వాళ్ళతోపాటే, వీధి గుమ్మంలోంచి నువ్వు రావాలి. బాలత్రిపురసుందరి అనే నేను, మీ ఆయన తోడపుట్టినదాన్ని, నా ఇష్టంతో, నా చేత్తో రాసి నిన్ను పిలుస్తున్నాను. బొట్టు పెట్టి పిలవాలి. మీ గుమ్మం దాకా వచ్చే ధైర్యం ఉంటే ఈ ఉత్తరం ఎందుకు? కుంకుమ కొద్దిగా కాగితంలో మడిచి పెట్టాను. పెట్టుకుంటావో, దేవుడి దగ్గర పెడతావో నీ ఇష్టం.

నువ్వు వచ్చాక ఏం జరుగుతుందో నాకు తెలియదు. అత్తగారు లేచి లోపలికి వెళ్ళవచ్చు. పదకొండు మందిలో సగం మంది లేవవచ్చు. మీ అన్నయ్యగారు ఆ పూట కొట్టులోనే ఉంటానన్నారు. ధైర్యంగా ఉంటానని మాట ఇవ్వలేను.

ఈ కాగితాలన్నీ దాచుకో. ఎవరికీ చూపించకు, శ్రీదివ్యకి కూడా. ఇందులో మా ఇంటి గుట్టు ఉంది, నా పిరికితనం ఉంది. శుక్రవారం వచ్చేటప్పుడు ఈ ఒక్క కాగితం మాత్రం కొంగున ముడివేసుకుని రా. బయటికి తీయవద్దు, చదివి ఎవరికీ వినిపించవద్దు. నా నోటి వెంట 'నేను పిలవలేదు' అన్న మాట గనక వస్తే, మాట్లాడకుండా ముడి విప్పి నా చేతిలో పెట్టు.

నీ వదిన
సుందరి